గింజ కట్టిన బూజు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, కడప దగ్గర ఒక ప్రయోగశాలలో నేనూ నా మిత్రుడూ పరిశోధక విద్యార్థులం. నా పని వేరుశనగ మొదలును కుళ్లబెట్టే బూజు మీద. తిండి అయిపోగానే అది ఆవాలంత గింజలు కడుతుంది. అవి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. గింజ కట్టమని కణంలో కబురు మోసేది ఒక ప్రోటీన్. దాన్ని తయారుచేసే జన్యువును నేను చెడగొట్టాను. ఆ తర్వాత చక్కెర మేత పోసిన నా గాజు ప్లేట్లలో బూజు దూదిలా పెరిగిందే తప్ప ఒక్క గింజా కట్టలేదు. ఆ బూజు పెట్టిన కుండీల్లో మొక్కలు చావలేదు. మా పరిశోధనను నడిపించే సార్ నా భుజం తట్టారు.

నా మిత్రుడిది పత్తికొండ వైపు సేద్యగాళ్ల ఇల్లు. ప్లేటును వెలుతురుకు పట్టి చూసి, "రెండేండ్లుగా దీనికి చక్కెర మేపుతాండావు కదప్పా, సోమరిదై ఉంటాది. ఒకసారి చెట్టును తిననిచ్చి, మళ్లీ ప్లేటులో వేసి చూడు," అన్నాడు.

"నీకు కుళ్లు, అంతే."

"కుళ్లు బుడ్డల చెట్టుకప్పా, నాక్కాదు," అని నవ్వాడు.

నాకు చెప్పకుండా వాడే ఆ పని చేశాడు. ఇంటి నుంచి తెచ్చిన వేరుశనగ బుడ్డలు కుండీలో నాటి, మొక్క మొదట్లో నా బూజు పెట్టాడు. కాస్త కుళ్లిన కాండం నుంచి దాన్ని తిరిగి తీసి ప్లేటులో వేస్తే, అంచు నిండా గోధుమరంగు గింజలు. జన్యువు చెడనే లేదు. ప్లేటు నుంచి ప్లేటుకు మార్చి మార్చి పెంచడం వల్లే బూజు మొద్దుబారింది.

వాడు ఆ ప్లేటు సార్‌కు చూపించాడు. ఒకే గదిలో ఉంటూ, ఒకే సంగటి ముద్ద పంచుకున్నవాడు నా వెనక ఇంత పని చేశాడా అనుకున్నాను. నిజానికి ఆ ప్లేటు ముందు నా దగ్గరికే తెచ్చాడు, నేనే చూడకుండా తల తిప్పుకున్నాను. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సార్ అడిగినప్పుడు, "వీడు బూజు ట్యూబులు కలిపేశాడు సార్, ఇది జన్యువు చెడగొట్టని మామూలు బూజు," అన్నాను. నమ్మకం కలగాలని అంతకుముందే వాడి ట్యూబుల మీది చీటీలు మార్చి అతికించాను. సార్ నమ్మారు. చేతిలో శుభ్రత లేనివాడని పేరుపడి, వాడు ఆ ఏడే చదువు మానేశాడు.

పెట్టె సర్దుకుంటూ, "చీటీలు మార్చింది నువ్వేనని నాకు తెలుసు. నీ నోటితో చెప్తావని చూస్తాండా," అన్నాడు. నేను చెప్పులేసుకుని ప్రయోగశాలకు వెళ్లిపోయాను.

ఆ తర్వాత కూడా, వాడే నాకు ద్రోహం చేశాడని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను. సగం నేనే నమ్మాను కూడా. ఇన్నేళ్లకు, మొన్న పత్తికొండ వెళ్లి, వాడి టమోటా తోట గట్టు మీద నిలబడి తప్పు ఒప్పుకున్నాను. వాడు కాయలు కోస్తూనే ఉన్నాడు.

"నాకు చెప్తే ఏం లాభమప్పా? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్లకు చెప్పు."

సార్ ఇప్పుడు లేరు. నా మాట నమ్మిన మిగతావాళ్లు ఉన్నారు. వాళ్లకే రాస్తున్నాను. వాడి ప్లేటు నిజం. అబద్ధం నాది.