నెమలికంఠం రంగు ఇంజన్

నాకు ఓపిక తక్కువ. ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో ఇన్నేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్న మనిషికి ఓపిక దండిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫోటో తెచ్చినవాడు "అక్కా, జర తెల్లగ చెయ్యి" అంటే చేస్తాను. వాడి పక్కన నిలబడ్డవాణ్ని కూడా తెల్లగా చేయమంటే అదీ చేస్తాను. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో మౌస్ టకటకలాడుతుంది. రాష్ట్రం వచ్చాక పాలమూరులో ఫ్లెక్సీ లేని కరెంటు స్తంభం లేదు, కాబట్టి నా చిరాకుకు సెలవు కూడా లేదు.

ఇన్ని రంగులు మార్చిన నన్ను ఒకే ఒక్క రంగు వారం రోజులు నిలవనీయలేదు.

మా బాపు రైల్వేలో పెయింటర్ ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటి పెద్ద లైను రాకముందు, ఇరుకు పట్టాల మీద చిన్న బండ్లు నడిచిన మీటర్ గేజ్ కాలం అది. బొగ్గు ఇంజన్లు షెడ్డుకు వస్తే మసి గీకి, రంగు వేసి పంపేవాళ్లలో ఆయన ఒకడు. ఆయన కంటే ముందు మా ఇంట్లో నెలనెలా జీతం అందుకున్నవాడు లేడు. తాతది ఒక పటేలు ఇంట్లో జీతగాడి బతుకు. ఆ ఇంట్లో గడ్డపార కనబడకపోయినా, గొడ్డలి కనబడకపోయినా మొదట తాత గుడిసెలోనే వెతికేవారట. అది చూస్తూ పెరిగినవాడు కాబట్టి బాపుకు ఒకటే పట్టు. "మన మీద మాట రావద్దు" అనేవాడు. "రైల్వే ఇనుప మొల గూడ ఈ ఇంటి గడప తొక్కలే" అని చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ పట్టు నాకు బాగా తగిలింది. మూడో తరగతిలో బడి నుంచి ఒక సుద్దముక్క సంచిలో వేసుకొచ్చాను. గడప మీద ముగ్గులు గీస్తుంటే బాపు చూశాడు. మర్నాడు డ్యూటీ మానుకుని మరీ నన్ను బడికి తీసుకుపోయి, టీచరమ్మ ముందు నిలబెట్టి, "దొంగతనం చేసిన అని చెప్పు" అన్నాడు. చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా నా పేరు సుద్దముక్క. ఆ సంగతి నేను మర్చిపోలేదు. మర్చిపోయినట్టు నటించడం మాత్రం నేర్చుకున్నాను.

రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక పాత బొగ్గు ఇంజన్ను స్టేషన్ బయట తోటలో నిలబెట్టి రంగులు వేస్తున్నారని, పాత ఫోటోలుంటే తెమ్మని రిటైరైనవాళ్లకు కబురొచ్చింది. బాపు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక పాత కలర్ ఫోటో పట్టుకుని వెళ్లాడు. దసరా నాడు షెడ్డులో ఇంజన్లకు పూజ చేసేవారు, ఇంటివాళ్లను కూడా పిలిచేవారు. ఆ రోజు తీసిన ఫోటో అది. మామిడాకులు కట్టిన ఇంజన్, దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెద్ద తొట్టి, తొట్టి ముందు పసుపు చీరలో అమ్మ, పక్కన బాపు, ఇద్దరి మధ్య ఏడాది దాటిన నేను. అందరి మొహాల్లో పండగ ఉంది, బాపు మొహంలో తప్ప. ఆ ఒక్కరోజైనా నవ్వితే ఏం పోయింది అనుకునేదాన్ని, ఫోటో చూసినప్పుడల్లా.

తోటలో పెట్టింది సరిగ్గా ఆ ఇంజనే. దాని తొట్టికి ఆ దసరాకు బాపు తన చేత్తో నెమలికంఠం రంగు కలిపి వేశాడట. పని చూసే ఇంజనీరు చిన్నవాడు, మర్యాదస్తుడు. "బొగ్గు ఇంజన్లు నల్లగానే ఉంటాయి కదా పెద్దాయనా. ఈ ఫోటోలో చూస్తే తొట్టి వంకాయ రంగులో ఉంది. మీకు మొన్ననే కంటి ఆపరేషన్ అయిందంటున్నారు. గట్టి ఆధారం ఏదైనా ఉంటే తెండి. లేకపోతే శనివారం నలుపు మొదలుపెట్టిస్తాం" అన్నాడు.

బాపు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

"నన్ను అబద్ధాలోన్ని చేసిండు బిడ్డా. నేను కలిపిన రంగు నాకెరుక లేదా?"

ఇంజన్ మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ మా బాపును అబద్ధాలకోరు అంటే ఊరుకునే ఓపిక అసలే లేదు. ఫోటో లాక్కుని దుకాణానికి పోయాను.

పాత కలర్ ఫోటోలు ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడతాయి. ఎంత ఎర్రబడిందో తెలియాలంటే ఫోటోలో ఉన్న వస్తువు ఒకటి ఇప్పటికీ మన చేతిలో ఉండాలి. దాని అసలు రంగునూ ఫోటోలోని రంగునూ పక్కపక్కన పెట్టి, ఆ తేడాను ఫోటో అంతటికీ సరిచేయాలి. అమ్మ చీర పెట్టెలో ఉంది. కల్వకుర్తిలో కొన్న పసుపు చీర. దాన్ని తీసుకెళ్లి, రంగు చూసి, ఫోటో సరిచేసి, తొట్టి రంగును ఫ్లెక్సీ పట్టీ మీద అచ్చు కొట్టి తెచ్చాను. బాపు దాన్ని ఎండలో పట్టుకుని చూశాడు.

"ఇది పాచి రంగు" అన్నాడు.

తప్పెక్కడో నాకు రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు. ఆ చీర ఎన్ని ఉతుకులకు, ఎన్ని ఎండలకు వెలిసిందో. దసరా నాటి పసుపు దాని మీద ఎందుకుంటుంది? పొద్దున్నే లేచి, చీర అంచు లోపల కుట్టిన ఫాల్ విప్పడం మొదలుపెట్టాను.

"నా చీర నీకేం పాపం చేసింది?" అంది అమ్మ.

"ఫాల్ కింద ఎండ తగలదమ్మా. అసలు రంగు అక్కడుంటది."

"మల్ల కుట్టియ్యకపోతే చెప్త నీ సంగతి" అని పక్కనే కూర్చుని ఇంకో మూర తనే విప్పింది. ఫాల్ కింది పసుపు ఆ పూటే కొట్టు నుంచి తెచ్చినట్టుంది. దాంతో మళ్లీ సరిచేశాను. ఈసారి తొట్టి పచ్చకూ నీలానికీ మధ్య ఎక్కడో తేలింది. పట్టీలు కొట్టాను. పచ్చ పెంచి ఒకటి, నీలం పెంచి ఒకటి, నలుపు చుక్క కలిపి ఒకటి. బాపు ప్రతిదాన్నీ వాకిట్లోకి తీసుకుపోయి, దగ్గరగా, దూరంగా, వాలుగా చూసేవాడు.

"దగ్గర్లకొచ్చింది. ఇది కాదు."

మంగళవారం ఇది కాదు. బుధవారం ఇది కాదు. దుకాణంలో పెళ్లి ఫ్లెక్సీలు కుప్ప పడ్డాయి, పెళ్లికొడుకు పేరు ఒకచోట తప్పు కొట్టి యజమానితో మాట పడ్డాను. అన్నం తింటున్నా, బస్సులో ఉన్నా కళ్ల ముందు అదే రంగు, దొరికినట్టే ఉండి దొరకదు. గురువారం సాయంత్రం పదకొండో పట్టీ చూసి బాపు మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

"ఆ సారు చెప్పిందే నిజమేమో బాపూ" అన్నాను. "కండ్లు మారినయ్ నీకు. నీకే యాదికి లేదు."

ఆయన పట్టీని మంచం మీద ముడత పడకుండా పెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆయన్ను అబద్ధాలకోరు అన్న రెండో మనిషిని నేనే అయ్యాను. అయినా వెనక్కి పిలవలేదు.

శుక్రవారం పొద్దున దుకాణంలో ఫోటోను తెర నిండా పెద్దది చేసి, రంగు అంకెలు చూపే బాణాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతున్నాను. చీర తప్ప ఇంకేదైనా అసలు వస్తువు దొరుకుతుందేమోనని ఆశ. ఫోటోలో నా చిన్న చేతులు ఒక కర్రను పట్టుకుని ఉన్నాయి. అది నడక నేర్చుకునే మూడు చక్రాల చెక్కబండి పైకర్ర. బండి మిగతా భాగం బాపు కాళ్ల వెనక ఉంది. బాణం ఆ కర్ర మీద పెట్టాను. అంకెలు ఎక్కడో చూసినట్టున్నాయి. తొట్టి మీద పెట్టాను. అవే అంకెలు, ఒకటి రెండు తేడాతో. నీడలో చూశాను, ఎండలో చూశాను. రెండూ ఒకే రంగు.

ఆ బండి ఇంకా మా ఇంట్లోనే, సజ్జ మీద ఉంది. ఇప్పుడు దాని రంగు నీలం, తమ్ముడి పిల్లల కోసం వేసింది. యజమానికి తలనొప్పి అని చెప్పి ఇంటికి పోయాను. బాపు ఇంట్లో లేడు. బండి దించి, పైకర్రను బ్లేడుతో గీకాను. నీలం లేచింది. కింద ఎరుపు. ఎరుపు కూడా లేచింది. దాని కింద, వేలిగోరంత మేర, నెమలి మెడ మెరిసింది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నీకెరుకనా?" అన్నాను.

"నాకెందుకెరుక లేదు. ఇంజన్కు వెయ్యంగ డబ్బ అడుగున మిగిలిన రంగు, గుడ్డల చుట్టి తెచ్చిండు. నీ బండి మంచిగ కనబడాలని. గా దసరా నాడు నువ్వు బండి లేంది అడుగు తియ్యకపోతివి, నేను గా బండి పట్టుకొని షెడ్డుకు పోయిన. నన్ను చూసి మీ బాపుకు చెమటలు పట్టినయ్. ఆ రంగు, ఈ రంగు పక్కపక్కనే. ఫోటో తీసేదాక బండికి అడ్డం నిలబడ్డడు. తెల్లారే ఎర్రరంగు కొనుక్కొచ్చి దాని మీద పూసిండు. గీ ముచ్చట ఇంట్ల ఎత్తద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

ఫోటోలో పండగ లేని ఆ మొహం గుర్తొచ్చింది. అది కోపం కాదు, భయం. ఆ వెంటనే సుద్దముక్క గుర్తొచ్చింది, నాకు ఒళ్లు మండింది. ఒక సుద్దముక్కకు నన్ను క్లాసంతటి ముందు నిలబెట్టిన మనిషి ఇతనేనా? నవ్వొచ్చింది కూడా. ఈ బండి చూపిస్తే ఆయన చెప్పిన రంగు నిజమవుతుంది, ఆయన ఇన్నేళ్లు చెప్పుకున్న మాట అబద్ధమవుతుంది. చూపించకపోతే రేపు ఇంజన్కు నలుపు పడుతుంది. ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. చివరికి నాకు చేతనైన పనే చేయాలనుకున్నాను. రంగును మార్చడం కాదు, దాని చోటు మార్చడం. ఎనామిల్ చిన్న డబ్బాలు కొని, కర్ర మీది ముక్కకు సరిపోయేదాకా కలిపి, ఒక చెక్కముక్కకు పూశాను. బండిని మళ్లీ సజ్జ మీద పెట్టేశాను.

సాయంత్రం బాపు చెక్కముక్కను వాకిట్లోకి తీసుకుపోయి వాలుగా చూశాడు.

"ఇదే" అన్నాడు. కాసేపటికి, "ఎట్ల పట్టినవ్?" అన్నాడు.

"చీరతోనే. లెక్క కుదిరింది."

ఆయన నా మొహం చూడలేదు. నా చేతులు చూశాడు. గోళ్లలో ఎరుపూ నీలమూ ఇరుక్కుని ఉన్నాయి. ముప్పై ఏళ్లు రంగులు గీకిన మనిషికి అదేమిటో నేను చెప్పనక్కర్లేదు. చెక్కముక్క తిరిగి ఇచ్చాడు.

శనివారం నాకంటే ముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. చేతిలో పెద్ద సంచి. మందులూ నీళ్లసీసా పెట్టుకున్నాడనుకున్నాను. స్టేషన్ దగ్గర నలుపు డబ్బాల మూతలు అప్పటికే తీసి ఉన్నాయి. ఇంజనీరు చెక్కముక్కను తిప్పి తిప్పి చూసి, బాగుందన్నాడు.

"కానీ కాగితంలో ఆధారం అని ఒక గడి ఉందండి. కంప్యూటర్లో అంచనా వేశాం అని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు."

నేను చీర సంగతి మొదలుపెట్టాను. ఫాల్, ఉతుకులు, పసుపు. చెప్పేకొద్దీ నాకే పిట్టకథలా వినబడింది. ఇంజనీరు జాలిగా వింటున్నాడు. బాపు సంచిలోంచి చెక్కబండిని తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. నేను గీకిన చోటు పైకి ఉంది. రాత్రి ఎప్పుడో తనే ఇంకొంచెం గీకినట్టున్నాడు, ఇప్పుడది అరచేతంత ఉంది.

"ఇది గా డబ్బల రంగే సార్" అన్నాడు. "అడుగున మిగిలితె అడగకుండ తీసుకపోయిన. నా బిడ్డ బండికి పూసిన. భయపడి మీద ఎరుపేసిన."

ఇంజనీరు బండి వైపు చూశాడు, బాపు వైపు చూశాడు. "ఇన్నేళ్ల తర్వాత ఎవరడుగుతారు లెండి. పాత ఫోటో అని రాసేస్తాను."

"వద్దు సార్. ఫోటో తెస్తే మీరు నమ్మలే. ఖలాసీ అడగకుండ తీసుకపోయిన రంగు అనే రాయండి."

ఇంజనీరు అలా రాయలేదు. విశ్రాంత ఉద్యోగి ఇంట్లో దొరికిన చెక్కబండి మీది పాత రంగు అని రాశాడు. బాపు ఆ గడిని వేలుపెట్టి చదివి, సరే అన్నాడు. నలుపు డబ్బాల మీద మూతలు పెట్టారు.

తిరుగు దారిలో ఆటోలో బాపు బండిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గడియారం చౌరస్తా దాటాక అడిగాడు.

"సుద్దముక్క యాదికుందా బిడ్డా?"

"ఉంది."

"గా దినం నిన్ను చూస్తె భయమైంది. గా రంగు తెచ్చిన నా చెయ్యి నీకొచ్చిందనుకున్న."

ఆటో గుంతలో పడి కుదిపింది, బండి ఆయన ఒళ్లోంచి జారబోయింది. నేను పైకర్ర పట్టుకున్నాను. ఆయన కూడా పట్టుకునే ఉన్నాడు. ఇల్లొచ్చేదాకా ఇద్దరం వదల్లేదు.