ఉధ్నాలో తొమ్మిది బ్యాటరీలు

మేము ఉధ్నా చేరేసరికి ఉదయం ఆరుంబావు. ట్రక్కులో ఆరుగురం: కెప్టెన్ సాబ్, డ్రోన్ నడిపే నాయక్, వైర్‌లెస్ ఆపరేటర్, డ్రైవర్, వంటవాడు, నేను. నేనప్పుడు హవల్దార్‌ను. పదిహేడేళ్ల సర్వీసు. లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు దాటింది. రాత్రీ పగలూ మరమగ్గాలు మోగే ఊరని సూరత్ గురించి విన్నాను. ఆ ఉదయం కాకుల అరుపు తప్ప ఏమీ వినిపించలేదు.

పిల్లలు లేని ఒక బడి మా మకాం. కింది అంతస్తులో ఉత్తరం వైపు గది నాకిచ్చారు. ఎండ తగలని గది అదొక్కటే. అది నాకోసం కాదు, బ్యాటరీల కోసం. రెండు డ్రోన్లు, పన్నెండు బ్యాటరీలు. ఒక్కోటి ఇటుకంత ఉంటుంది. లౌడ్‌స్పీకర్ కట్టిన డ్రోన్‌ను పద్దెనిమిది నిమిషాలు గాలిలో నిలుపుతుంది. పన్నెండింటికీ తెల్ల రంగుతో నంబర్లు వేశాను. ఒక ఛార్జర్, వోల్టేజీ చూసే చిన్న మీటర్, నాలుగు ఇనుప పెట్టెలు, రెండు బకెట్ల ఇసుక. ఇవీ నా ఆయుధాలు.

ఎనిమిదింటికి కెప్టెన్ సాబ్ ఆర్డర్ ఇచ్చారు. "రోడ్లు తెరిచేదాకా కొత్త బ్యాటరీలు రావు. పనికొచ్చేవి ఆరుకు తగ్గిన రోజు డ్రోన్ దిగుతుంది, మనం వెనక్కి పోతాం. ఆ తర్వాత ఈ వీధిని పైనుంచి చూసేవాళ్లెవరూ ఉండరు."

వీధి బడి గోడ పక్కనే. రెండు కొసలా వెదుళ్లు కట్టి మూసేశారు. లోపల మగ్గాల కార్మికులు, గదికి ఎనిమిది మంది, పది మంది. తూర్పు కొస వెదుళ్ల అవతల పైపుల కోసం తవ్వి వదిలేసిన నిలువెత్తు గొయ్యి. రేషన్ ఇచ్చే వేళ తోపులాట లేకుండా చూడటం, ఏ ఇంట్లో జ్వరమో అడిగి డాక్టర్లకు చెప్పడం, పుకార్లకు జవాబు చెప్పడం మా పని. హిందీలో నాయక్ మాట్లాడేవాడు. వీధిలో సగం మంది తెలంగాణ వాళ్లని రెండో రోజు తెలిసింది. అప్పటినుంచి తెలుగు మైకు నాది.

ఇక నా తప్పు చెప్పాలి.

మా నాన్న మా ఊరి చర్చిలో సంఘపెద్ద. ఆదివారం బడిలో నేను మొదట నేర్చుకున్నది దీపాల కథ. దీపాల్లో నూనె నింపుకున్న కన్యకలు పెళ్లింటి లోపలికి వెళ్లారు, నింపుకోనివాళ్లు తలుపు బయట మిగిలారు. ఆ తర్వాత పటాలం కూడా అదే నేర్పింది: మ్యాగజైన్ నిండుగా, బాటిల్ నిండుగా. అందుకని పన్నెండు బ్యాటరీలనూ ఎప్పుడూ నూటికి నూరు నింపి ఉంచాను. ఒకటి దిగగానే, వేడి తగ్గకముందే ఛార్జర్‌కు పెట్టేవాణ్ణి. పిలుపు ఎప్పుడొచ్చినా సిద్ధం. అదే భక్తి అనుకున్నాను, అదే డ్యూటీ అనుకున్నాను.

బయట నలభై రెండు డిగ్రీలు. గదిలో ముప్పై ఎనిమిది. ఐదో రోజు నాలుగో నంబరు ఉబ్బింది. ఏడో రోజు పదకొండు. తొమ్మిదో రోజు ఉదయం పెట్టె తెరిస్తే తొమ్మిదో నంబరు కాల్చిన అప్పడంలా పొంగి ఉంది. మూడింటినీ ఇసుకలో పెట్టి వరండా చివరికి మోశాను. మిగిలినవి తొమ్మిది.

ఆ రోజు రేషన్ వేళ వెదుళ్ల దగ్గర నా డ్యూటీ. లోపలినుంచి ఒక పెద్దాయన పలకరించాడు. శంకరన్న. సిరిసిల్ల దిక్కునుంచి పాతికేళ్ల కిందట వచ్చి, ఇరవై నాలుగు సాంచెల షెడ్డుకు మేస్త్రీ అయ్యాడు. సాంచె అంటే మావైపు మరమగ్గం.

"ఏంది మిలిట్రీ తమ్మీ, ముఖం గట్ల ఏలాడేసినవ్? నీకు గూడ రేషన్ కట్టయిందా?"

"బ్యాటరీలు ఉబ్బుతున్నయన్నా. రోజూ నిండ నింపి పెడ్తున్న. అయినా ఖరాబైతున్నయి."

"ఎగురుడు ఎంతసేపు?"

"రోజుకు నాలుగు మార్లు."

"మరి కడుమవన్ని నిండుకొని ఏం జేస్తయి?"

"ఊకె ఉంటయి."

ఆయన నవ్వాడు. "సాంచెలు బందువెట్టిన్నాడు మేమేం జేసినమో ఎరుకేనా? ఇరవై నాలుగు బీములు ఎనుకకు దిప్పినం. పడుగు బిగ్గ ఉంచి ఇడిసిపెడితే పోగులు సాగుతయి, మల్ల నడిపిన్నాడు పటపట తెగుతయి. పనిలేనప్పుడు వదులుండాలె. నువ్వేమో బిగ్గ గుంజిపెట్టి గూసున్నవ్."

చెబుతూ గాలిలో పిడికిలి బిగించి, మెల్లగా వెనక్కి తిప్పి చూపించాడు. బీము అంటే పడుగు నూలు చుట్టిన దిమ్మ; దాన్ని వదులు చేసే తిప్పు అది.

ట్రైనింగ్‌లో మాకూ చెప్పారు, చాలాకాలం దాచే బ్యాటరీని సగంలో ఉంచాలని. చాలాకాలం అంటే నెలలు అనుకున్నాను. ఆ ఎండలో రెండు రోజులే చాలాకాలం. ఆ సాయంత్రం ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండగా మన్నా గుర్తొచ్చింది, ఎడారిలో ఆకాశంనుంచి రాలిన ఆహారం. ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు. రేపటికని దాచుకున్నది పురుగుపట్టింది. నాకు తెలిసిన వాక్యమే. దీపాలు పట్టుకున్నాను, మన్నాను మరిచాను.

కెప్టెన్ సాబ్ ముందు తప్పు ఒప్పుకుని, సగం ఛార్జి సంగతి చెప్పాను.

"సిపాయి సగం మ్యాగజైన్‌తో కాపలా కాస్తాడా?" అన్నారు.

"మ్యాగజైన్ ఉబ్బదు సాబ్."

ఆయన పెట్టె మూత వేశారు. "ఇంకొకటి ఉబ్బితే తిరుగుబండిలో నువ్వొక్కడివే పోతావు."

అప్పటినుంచి పద్ధతి మారింది. సాయంత్రం ఐదింటికి, రేపు ఎన్నిసార్లు ఎగరాలో లెక్క. తెల్లవారి నాలుగున్నరకు లేచి, ప్రార్థన చేసి, రేపటికి కాదు, ఆ రోజుకు కావలసిన నాలుగే నింపడం. మిగతా ఐదూ సగంలో, సెల్‌కు మూడు పాయింట్ ఎనిమిది వోల్టులు. దిగిన బ్యాటరీని అరచేత్తో తాకి, చల్లబడ్డాకే తీగ కలపడం. ఇరవై శాతానికి డ్రోన్ దించెయ్యడం. ప్రతి బ్యాటరీకి వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఈ చివరిది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు తోచింది, చేశాను.

వంటవాడు ఊరుకుంటాడా? "పాదరీ సాబ్, మూడో నంబరుకు ఈరోజు ఆదివారమట. నా పెనానికి ఎప్పుడిస్తారు?"

"నీ రొట్టె గుండ్రంగా వచ్చిన రోజు," అన్నాడు నాయక్.

దాదాపు రెండు వారాలు గడిచాయి. ఒక్కటీ ఉబ్బలేదు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం మూడు నలభై. ఉదయం మూడుసార్లు ఎగిరాం. నిండుగా ఉన్నది రెండో నంబరు ఒక్కటే. వీధిలో కేకలు లేచాయి. "బండి వోతుందట! స్టేషన్ల నిలవడ్డదట!" మూటలు నెత్తిన పెట్టుకుని జనం తూర్పు కొసకు కదిలారు. ముందు ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. వాళ్ల ముందు వెదుళ్లు. వెదుళ్ల వెనక గొయ్యి.

వైర్‌లెస్ ఆపరేటర్ కంట్రోల్‌ను అడిగాడు. జవాబు వెంటనే వచ్చింది. "ఏ బండీ లేదు. స్టేషన్‌కు తాళం ఉంది. మా మనుషులు రావడానికి ముప్పావుగంట."

"ఫుల్ ఎన్ని?" కెప్టెన్ సాబ్.

"ఒకటి సాబ్. సగానివి ఐదు. ఒక్కోటి ఏడు నిమిషాలు."

ఆయన డ్రోన్ వైపు చెయ్యి చూపారు. "ఎగరెయ్."

మైకు నా చేతిలో ఉంది. "అన్నలారా, అక్కలారా, బండి లేదు. నేను కరీంనగర్ బిడ్డను, అబద్ధం చెప్ప. ముంగట పసిపిల్లలున్నరు, నూకకుండ్రి. ఉన్న జాగల్నే కూసోండ్రి." తర్వాత నాయక్ హిందీలో. మళ్లీ నేను. డ్రోన్ కెమెరా తెరమీద జనం ఆగలేదు. వెదుళ్లు వంగడం కనిపిస్తోంది.

అప్పుడు గుంపు మధ్యలో ఒక మనిషి నెత్తిమీది మూట దించి దానిమీద కూర్చున్నాడు. శంకరన్న. ఊరికి పోవాలని ఆయనకూ ఉంది, మూట కట్టుకునే వచ్చాడు. పక్కవాళ్ల చేతులు పట్టి కూర్చోబెడుతున్నాడు. వాళ్లు ఇంకొందరిని.

ఇరవై శాతం. నాయక్‌కు చెప్పి దించాను. మార్చడానికి యాభై సెకన్లు. ఐదో నంబరు, ఏడు నిమిషాలు. దించాను. ఒకటో నంబరు. ప్రతిసారీ గొంతు ఆగిన ఆ యాభై సెకన్లలో వెనకనున్నవాళ్లు లేచేవారు. ప్రతిసారీ డ్రోన్ మళ్లీ పైకి రాగానే కూర్చునేవారు.

ఐదో మార్పు దగ్గర కెప్టెన్ సాబ్ అరిచారు. "ఇంకో రెండు నిమిషాలు లాగు! ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నారు!"

"లాగితే పడుతుంది సాబ్. పడితే వాళ్ల తలలమీదే."

దించాను. పెట్టెలో పన్నెండో నంబరు ఒక్కటే మిగిలింది. దానిమీద చెయ్యి వేసి, "ప్రభువా, ఏడు నిమిషాలు" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థనకు టైము లేదు.

అది గాలిలో ఉండగానే అధికారుల జీపు వీధి కొసకు వచ్చింది. జనం ఒక్కొక్కరే లేచి గదులకు మళ్లారు. ఒక్క పిల్లవాడికీ గీత పడలేదు.

వేడిగా ఉన్న ఆరు బ్యాటరీలను నీడలో వరసగా పేర్చాను. కెప్టెన్ సాబ్ వంగి ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూశారు. దేనికీ ఉబ్బు లేదు. "పాదరీ," అన్నారు, "రేపటికి ఎన్ని నింపుతావు?"

"నాలుగే సాబ్."

మరో నెలకు రోడ్లు తెరిచారు. తొమ్మిది బ్యాటరీలనూ సగం ఛార్జితో లెక్క అప్పగించాను. స్టోర్ సుబేదార్ మీటర్ పెట్టి రెండుసార్లు చూశాడు. పద్నాలుగు రోజుల క్వారంటైన్ తర్వాత ఇంటికి వచ్చాను. ఏడాదికి రిటైరయ్యాను. సంఘంలో యువకులు అడుగుతుంటారు, సరిహద్దులో ఏం చూశారని. మంచు చూశాను, కాల్పులు విన్నాను. గర్వంగా చెప్పుకునేది మాత్రం ఉధ్నా సంగతి.

పన్నెండో నంబరు చివరి నిమిషంలో తెరమీద కనిపించింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. వీధంతా నేలమీద కూర్చుని ఉంది. మూటలు ఒళ్లో, ముఖాలన్నీ పైకి. వాటి మధ్య ఒక ముసలి చెయ్యి లేచి, పిడికిలి బిగించి, మెల్లగా వెనక్కి తిప్పుతోంది.