గుమ్మం ముందు ఆగిన గొంతు

మార్చి నెల వచ్చిందంటే మొగలిపాడులో రెండు చప్పుళ్ళు వినిపించేవి. ఒకటి కళ్ళాల్లో మినుములు కొట్టే చప్పుడు, రెండోది చిట్టియ్య టముకు చప్పుడు. మినుములు వేసే చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులయ్యాయి. టముకేమో చిట్టియ్య ఇంట్లో చిలక్కొయ్యకి వేలాడుతోంది.

భీమవరానికి పది మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరి పంచాయతీకి చిట్టియ్య ముప్పై ఎనిమిదేళ్ళు టముకు వేశాడు. పొద్దున్నే గడ్డిమంట దగ్గర టముకు తోలు కాచి, బిగువు చూసుకుని, పెద్ద వీధితో మొదలుపెట్టి లూథరన్ చర్చి పక్కనున్న తన పేట దాకా తిరిగేవాడు. కాలవకి నీళ్ళు వదిలినా, పశువుల డాక్టరు వచ్చినా, పన్నులు కట్టాల్సి వచ్చినా ఊరికి ముందు ఆయన గొంతే చెప్పేది. అదేం గొంతు! పెద్ద వీధి మొదట్లో 'వినండహో' అంటే కాలవ అవతల గట్టున బర్రెలు కాసేవాళ్ళు తలలు తిప్పేవాళ్ళు. మైకులొచ్చాక గొంతుల విలువ పోయింది గానీ, అలాంటి గొంతు ఉన్న ఊరికి మైకు దండగ.

పన్నుల టముకుకి ఒక పద్ధతి ఉండేది. బకాయి ఉన్న ఇంటి ముందు ఆగి మూడుసార్లు చెప్పాలి. పేరు చెప్పకూడదు. పేరు చెప్పకపోతే మాత్రమేం, ఆ ఇంటి ముందు ఆగాడంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది. పంట పోయినవాడి పరువు కూడా పోవాలంటే ఆ మూడుసార్లు చాలు.

అందుకని చిట్టియ్య ఒక పని చేసేవాడు. టముకుకి ముందురోజు, చేతులూపుకుంటూ ఊరికే నడిచి వెళ్ళినట్టు వెళ్ళి, బకాయి ఉన్నవాళ్ళ పెరటి గుమ్మం దగ్గర ఆగి, “రేపొస్తున్నానండి” అని ఒక్క మాట చెప్పి వచ్చేసేవాడు. పెద్ద ఇళ్ళకి ఎలాగూ ఆయన వెళ్ళగలిగింది పెరటి గుమ్మానికే. ఉన్నవాళ్ళు ఆ సాయంత్రమే వెళ్ళి పన్ను కట్టేసేవాళ్ళు. లేనివాళ్ళు మర్నాడు ఏ చుట్టాలింటికో వెళ్ళేవాళ్ళు. ఈ సంగతి ముగ్గురు సెక్రటరీలకు తెలుసు. ముగ్గురూ తెలియనట్టే ఉన్నారు.

జగపతిరాజుగారి రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి రెండు పంటలు వరసగా పోయిన ఏడు, ఆ ఇంటి పెరటికి కూడా వెళ్ళాల్సి వచ్చింది. జానకీదేవిగారు చేటలో బియ్యం చెరుగుతున్నారు.

“అమ్మగారండీ, రేపొస్తున్నానండి” అన్నాడు నేల చూస్తూ.

ఆవిడ చేట ఆపి, “చెప్పి మంచిపని చేశావు చిట్టియ్యా. రాజుగారికి చెబుతాను” అన్నారు.

మర్నాడు ఆ ఇల్లు తాళం వేసి ఉంటుందనుకున్నాడు. లేదు. జగపతిరాజుగారు గేటు తీసుకుని బయటికి వచ్చి, పైపంచె సర్దుకుని, మూడుసార్లూ నిలబడి విన్నారు. తరవాత “నీ గొంతు బాగుందిరా. బయటికొచ్చి వింటే ఇంకా బాగుంది” అని లోపలికి వెళ్ళారు. ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా చిట్టియ్య కళ్ళు తుడుచుకునేవాడు.

అయిదేళ్ళ క్రితం పంచాయతీ ఆటో మాట్లాడుకుంది. అప్పటి సెక్రటరీ చిట్టియ్యని ఆఫీసుకి పిలిచి, ఫ్యాను ఆపించి, రికార్డు చేయడానికి ఫోను ఎదురుగా పెట్టి చెప్పమన్నాడు. చిట్టియ్యకి గదిలో చిన్నగా చెప్పడం చేతకాదు. ఎదురుగా వీధి ఉందనుకుని టముకు మోగించి ఒక్క కేక పెట్టాడు. సెక్రటరీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చివర్లో చిన్న దగ్గు పడింది. మళ్ళీ చెబుతానన్నా, బాగానే వచ్చిందని వదిలేశారు. అయిదు వందలిచ్చారు. ఆ రోజు నుంచి మార్చి నెలలో ఆటో తిరిగేది, ఆటోలోంచి చిట్టియ్య గొంతు తిరిగేది.

ఆ దగ్గుని ఎవరూ పట్టించుకోలేదు, చిట్టియ్యతో సహా. పట్టించుకునేసరికి కాకినాడలో ఆపరేషన్ చేసి గొంతు పెట్టె తీసేశారు. మెడ దగ్గర చిన్న కన్నం, దాని మీద కప్పుకోవడానికి ఒక పల్చటి గుడ్డ మిగిలాయి. ఆపరేషన్ ఉచితమే. మిగతావేవీ ఉచితం కావు. వెళ్ళి రావడాలు, మందులు, నెల రోజులు పాపాయమ్మ అక్కడ పడి ఉండడం, ఇక్కడ కూలి పోవడం. పాపాయమ్మ ఆయన భార్య. డ్వాక్రా అప్పు తీసుకుంది, చెవుల దుద్దులు తీసింది. ఆ ఏడు ఇంటిపన్ను, కుళాయిపన్ను కట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊళ్ళో వాళ్ళ చేత పన్ను కట్టించిన మనిషి ఇంటికి మొదటిసారి బకాయి పడింది.

ఆ మార్చిలో తన గొంతు దూరాన్నుంచి వినబడగానే చిట్టియ్య తువ్వాలు భుజాన వేసుకుని కాలవ గట్టుకి వెళ్ళిపోయాడు. చీకటి పడేముందు తిరిగి వచ్చాడు. తనకి లేని గొంతు ఊరందరికీ ఉండడం ఆయన భరించలేకపోయాడు. రెండో ఏడూ అంతే. ఆ రెండేళ్ళూ ఆటో తన గుమ్మం ముందు ఆగిందనీ, మూడుసార్లు చెప్పిందనీ ఆయనకి తెలుసు. పాపాయమ్మని అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మూడో ఏడు మాత్రం పంతం పట్టాడు. ఎవరి పరువూ పోకూడదని ముప్పై ఎనిమిదేళ్ళు పెరటి గుమ్మాల చుట్టూ తిరిగినవాడి గుమ్మం ముందు తన గొంతే వచ్చి నిలబడడమేమిటి? పింఛను డబ్బులు మందులకీ బియ్యానికీ సరిపోయేవి. అందుకని కొబ్బరాకులు ఏరుకొచ్చి, ఈనెలు చీరి, చీపుర్లు కట్టడం మొదలుపెట్టాడు. దీపావళి నుంచి మార్చి దాకా చీరాడు. వేళ్ళన్నీ కోసుకుపోయాయి. భీమవరం సంతలో చీపుర్లు అమ్మి పెట్టినవాడు వీరబాబు. పంచాయతీ ఆటో నడిపేదీ వాడే. ఒకప్పుడు వాడి తల్లి పెరటి గుమ్మం దగ్గర కూడా చిట్టియ్య ఆగినవాడే.

మూడేళ్ళ బకాయికి సరిపడా డబ్బు డబ్బాలో చేరిన రోజున చిట్టియ్య అది పాపాయమ్మ చేతిలో పోసి, పలక తీసి 'కట్టేసిరా' అని రాశాడు. గొంతు పోయాక ఆయన మాటలన్నీ ఆ పలక మీదే. పాపాయమ్మ డబ్బు కొంగున ముడేసుకుని పంచాయతీ ఆఫీసున్న గ్రామ సచివాలయం వైపు వెళ్ళింది. గంటలో తిరిగి వచ్చి తిన్నగా వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. చిట్టియ్యకి ఆ రాత్రి చాన్నాళ్ళకి మంచి నిద్ర పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం వీరబాబు పెరట్లోంచి వచ్చాడు.

“బాబాయ్, రేపొస్తున్నానండి” అన్నాడు నేల చూస్తూ.

చిట్టియ్య చీరుతున్న ఈనె ఆపాడు. ఆ మాట తనది. ఎన్ని పెరళ్ళలో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. తనతో ఎవరైనా అంటే ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ క్షణంలో ఆయనకి వీరబాబు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. నవ్వి, పలక మీద 'కట్టేశాం' అని రాసి చూపించాడు.

వీరబాబు జేబులోంచి కాయితం తీసి చూశాడు. “మీ ఇంటి నంబరు ఇందులో ఉందండి. ఇది పొద్దున్న కీర్తిప్రియగారిచ్చిన లిస్టే.” కీర్తిప్రియ అంటే ఇప్పటి సెక్రటరీ, తుని వైపు పిల్ల.

“ఆ కంప్యూటర్లో ఎక్కి ఉండదులే, నువ్వెళ్ళరా” అంది పాపాయమ్మ పొయ్యి వైపు తిరిగి.

“ఉన్నా పర్లేదు పిన్నీ. మీ ఇంటి ముందుకొచ్చేసరికి నేను మైకు కట్టేస్తానండి. మీకు ఆ బెంగ వద్దు.”

పాపాయమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

మర్నాడు పొద్దున్న చిట్టియ్య కాలవ గట్టుకి వెళ్ళలేదు. పన్ను కట్టినవాడికి కాలవ గట్టు మీద పనేమిటి? అరుగు మీద దర్జాగా కూర్చుని ఈనెలు చీరుతున్నాడు. పెద్ద వీధిలో టముకు మోగింది.  ఈ రెండేళ్ళూ పారిపోయాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు కదలకుండా వినాలంటే అరుగు అంచు పట్టుకోవాల్సి వచ్చింది.

గొంతు మలుపు తిరిగింది, చర్చి దాటింది. దగ్గరవుతున్నకొద్దీ తను తిరిగిన వీధులన్నీ కళ్ళముందుకి వచ్చాయి. కాచిన తోలు వాసన, గేట్ల చప్పుడు, పైపంచె సర్దుకుంటున్న జగపతిరాజుగారు. నాలుగిళ్ళ అవతల ఉండగా గొంతు టక్కున ఆగిపోయింది. అన్నమాట ప్రకారం వీరబాబు మైకు కట్టేశాడు. ఆటో నిశ్శబ్దంగా వాళ్ళ ఇల్లు దాటిపోబోతోంది.

పాపాయమ్మ ఇంట్లోంచి గబగబా వచ్చి రోడ్డుకి అడ్డం నిలబడింది.

“మైకెందుకు ఆపావురా?”

“ఊరికే పిన్నీ. మీకు ఇబ్బందని.”

“మా నంబరు నీ లిస్టులో ఉందా లేదా?”

“ఉందండి.”

“ఉంటే ఆగాలి. మూడుసార్లు వెయ్యాలి. ఊరందరికీ ఒక రూలు, మాకో రూలా?”

చుట్టుపక్కల గుమ్మాల్లోకి జనం వచ్చారు. చిట్టియ్య అరుగు దిగి పలక కోసం వెతుక్కుంటున్నాడు. అప్పుడు చూశాడు, పాపాయమ్మ కొంగు చివర ముడి. మొన్న తను పోసిన డబ్బు మొన్నటిలాగే ఉంది. ఆవిడ కట్టలేదు.  ఈనెలన్నీ, కోసుకున్న వేళ్ళన్నీ గుర్తొచ్చాయి. అరవాలనిపించింది. అరవడానికేముంది ఆయన దగ్గర?

వీరబాబు ఇక చేసేదిలేక మీట నొక్కాడు.

“వినండహో! ఇందుమూలంగా మొగలిపాడు గ్రామ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, ఇంటిపన్ను, కుళాయిపన్ను బకాయిలున్నవారు ఈ నెలాఖరులోగా పంచాయతీ ఆఫీసులో చెల్లించి రసీదు పొందవలెనహో!”

పాపాయమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. చర్చిలో ప్రార్థనప్పుడు ఎలా నిలబడుతుందో అలా నిలబడింది. మొదటిసారి అయింది. రెండోసారి అయింది. మూడోసారి చివర్లో ఆ చిన్న దగ్గు దాకా ఆగి, అది కూడా విన్నాక, కళ్ళు తుడుచుకుంది.

చిట్టియ్య కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు.

“మొదటేడు నిజంగా లేక కట్టలేదు మావా” అంది ఆవిడ, ఆయన వైపు చూడకుండా. “నువ్వు గట్టుకెళ్ళావు. ఆటో వచ్చి మన గుమ్మం ముందు ఆగింది. కట్టినోళ్ళ ఇళ్ళ ముందు ఆగదు కదా. రెండో ఏడు ఎలాగో సర్ది కట్టుండచ్చు. కట్టబుద్ధి కాలేదు. మొన్న ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. కట్టేస్తే ఇంక ఆగదనిపించి వచ్చేశాను. తప్పే.”

వీరబాబు ఆటో దిగి వచ్చాడు. “అదేంటి పిన్నీ, ఒక్క మాట చెబితే ఫోన్లో వేసిచ్చేవాణ్ణి కదండీ. రోజూ వినేవోరు.”

“ఫోన్లో ఎందుకురా? ఆ గొంతు వీధిలోంచి రావాలి. పెళ్ళయిన కాడ్నుంచి అలాగే విన్నాను. పెద్ద వీధిలో మొదలైతే ఎసరు పెట్టేదాన్ని. చర్చి దాటితే కంచం కడిగేదాన్ని.”

 వీరబాబు ఆటో ఎక్కి, పక్క ఇంటి వైపు నెమ్మదిగా పోనిచ్చాడు.

పాపాయమ్మ కొంగు ముడి విప్పి నోట్లు సర్దుకుంది. “ఇప్పుడే వెళ్ళి మొత్తం కట్టేసి వస్తాను. రసీదు నీ చేతిలో పెడతాను” అంది.

చిట్టియ్య తల ఊపాడు. నాలుగడుగులు వేసిందో లేదో, అరుగు మీద పలకతో టకటకా కొట్టాడు. ఆవిడ వెనక్కి వచ్చింది. ఆయన పలక మీద రాసి చూపించాడు. బైబిలు చదువుకునే పాపాయమ్మ దాన్ని కూడబలుక్కుని చదివింది.

'ఇవాళ మొత్తం కట్టు. వచ్చే ఏటిది మటుకు ఆటో వచ్చాకే కడదాం.'

పాపాయమ్మ చుట్టూ చూసి, ఎవరూ చదవకముందే కొంగుతో పలక తుడిచేసి, సచివాలయం వైపు నడిచింది.