కాకి వాలని చెట్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉన్న మా చేను రైస్ మిల్లుకు అమ్మేటప్పుడు అన్న ఒకే ఒక్క షరతు పెట్టాడు. మా ఇళ్లల్లో పోయినవాళ్లను సొంత చేలోనే పెట్టుకుంటాం. అక్కడ నాయన సమాధి ఉంది. దాని పక్కన అమ్మ కోసం కొంత చోటు వదిలి, అందులో నాగలి కూడా పోనివ్వలేదు. మిల్లుకూ మా ఇళ్లకూ నడుమ కొంత నేల వదిలి చెట్లు పెంచాలని రూలట. అందులో గది కట్టకూడదు, లారీ నిలపకూడదు.

"ఆ వదిలే నేలేదో మా నాయన ఉన్నకాడే వదులప్పా" అన్నాడు అన్న. మిల్లాయన మంచివాడు, ఒప్పుకున్నాడు. అమ్మ చోటులో మొక్క నాటనని కూడా మాటిచ్చాడు. ఇంటికొచ్చి అన్న మీసం మెలేశాడు. "ఇంగ ఆ చోటు ఎవుడూ ముట్టుకోలేడు. సర్కారే కాపలా!"

నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సమాధి మీదికి వాలిన తుమ్మచెట్టును వరసకు అడ్డమని కొట్టేశారు. ఊక దుమ్ము ఇళ్ల మీదికి రాకూడదని, తొందరగా పెరిగే కోనోకార్పస్ మొక్కలు నాటారు. పెరిగాయి, పెరగక ఏం! చూసినవాళ్లంతా ఎంత పచ్చగా ఉందో అన్నారు. అందులో ఒక్క పిట్ట కూడా గూడు కట్టదని మాకు తర్వాత తెలిసింది. లోపలికి అడుగు పెడితే మిల్లు మోత కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. వెనక ఎవరో నిలబడినట్టుంటుంది. నాయన ఉన్నచోట నాకు భయమేమిటని నామీద నాకే కోపం వచ్చేది.

పెద్దల అమావాస్యకు ఓళిగలు చేసి, వేట మాంసంతో చియ్యల కూర వండి సమాధి ముందు విస్తరి పెట్టాం. కాకి వచ్చి ముట్టేదాకా అమ్మ పచ్చి నీళ్లు తాగదు. అన్న కావు కావుమని గొంతు పోయేలా అరిచాడు. ఆ ఆకుల కింద ఉన్న మేం కాకికి కనపడితే కదా! సాయంత్రానికి విస్తరికి చీమలు పట్టాయి.

"మిద్దె మీద పెడదాం లేమ్మా, ఆడ బోలెడు కాకులొస్తాండాయి" అని చేయి పట్టుకున్నాను.

"అవి ఎవురి కాకులో! మీ నాయన ఉండేది ఈడ కదా" అని అమ్మ విదిలించుకుంది.

మరుసటి ఏడూ అంతే. కొమ్మలైనా కొట్టనివ్వమని అన్న పోయి బతిమాలాడు. మిల్లాయన తల పట్టుకున్నాడు. "చెట్లు పలచబడితే ఆఫీసర్లు మిల్లు ఆపేస్తారన్నా. ఈడ పెట్టమనింది నువ్వే కదా!" అన్న ఇంటికి వచ్చేశాడు.

అప్పటినుంచి అమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని ఆ చెట్లవైపే చూసేది. "మీ నాయన అన్నం అడుగుతాండాడు మ్మే" అనేది. నాయన అన్నానికి కూర్చునే ముందు గొంతు సవరించుకునేవాడు. ఒక్కోసారి ఆ చప్పుడు చెట్లలోంచి నాకూ వినపడేది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు కూడా విస్తరి అట్లాగే మిగిలింది. అమ్మ లేచి, తనకోసం ఉంచిన చోటు దగ్గరికి పోయింది. రాలిన ఆకులను కాలితో పక్కకు నెట్టి, ఆ మన్నును చాలాసేపు చూసింది.

"నేను పోతే నన్ను ఈడ పెట్టద్దండి" అంది.

అన్న ఉలిక్కిపడ్డాడు. "ఏంది మా ఆ మాట? నీకోసమే కదా ఇంత చేసింది!"

"తెలుసు నాయనా. ఆయన పక్కన పండుకోవాలనే ఇన్నేండ్లూ అనుకుంటి. కానీ ఆకలికి నేను తాళలేను."