వాసన పోయిన వైన్ నిపుణుడు

1991 చలికాలం. సిద్దిపేటలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా నాకు అప్పటికే మంచి పేరుంది. ఒకరోజు పొద్దున్నే, తొగుట దారిలో ద్రాక్షతోట ఉన్న బాల్‌రెడ్డి ఒక విదేశీయుణ్ని వెంటబెట్టుకుని క్లినిక్‌కు వచ్చాడు.

"డాక్టరమ్మా, గీయన పేరు పావ్లో. ద్రాక్షతోని వైన్ జేసుడు నేర్పనీకి ఇటలీ నుంచి పిలిపించుకున్న. ముక్కు పనిచేస్తలేదు గనీ ఒప్పుకుంటలేడు."

"నీకెట్ల తెలిసిందన్నా?"

"పీపాల బూజు వాసన గుప్పుమంటున్నది. మా జీతగాళ్లు సుత ముక్కు మూసుకున్నరు. గీయనేమో గ్లాసుల పోసుకొని, తాగి, మస్తుగున్నదన్నడు!"

పావ్లోకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. నలభై దాటిన మనిషి తల దించుకున్నాడు. నేను బాల్‌రెడ్డిని బయట కూర్చోమన్నాక తనకొచ్చిన ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. "ఏడాది నుంచీ ఇంతే. మా ఇంట్లో కూడా చెప్పలేదు. మా నాన్న, మా అన్న వైన్ చేసేవాళ్లే. ముక్కు లేనివాడికి ఆ ఇంట్లో పనేముంటుంది?"

కళ్లు మూయించి కాఫీపొడి, లవంగం, ఇంగువ ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టాను. ఏదీ తెలియలేదు. అమ్మోనియా సీసా పెట్టగానే ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఆ ఘాటును పసిగట్టేది వేరే నరం. అది కూడా తెలియలేదనేవాడు నటిస్తున్నట్టు. ఇతను నటించడం లేదు. వైద్యంలో దీన్ని అనోస్మియా అంటాం, వాసన తెలియకపోవడం. లోపలికి లైటు వేసి చూస్తే రెండు వైపులా పాలిప్స్ కనిపించాయి. ముక్కు లోపలి పొర ఉబ్బి, మెత్తని తిత్తుల్లా వేలాడుతుంది. అవి అచ్చం తొక్క తీసిన ద్రాక్షపండ్లలా ఉంటాయి. ఆ మాటే చెప్పాను.

మొదటిసారి నవ్వాడు. "పంటంతా నా ముక్కులోనే ఉందన్నమాట."

అడ్డు తీసేయడం నాకు కష్టం కాదు. వాసన నరం బతికుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. అది తేల్చడానికి వారం పాటు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చాను. వాటితో తిత్తులు కొన్నాళ్లు కుంచించుకుపోతాయి. "ఈలోగా ఏ వాసన కాస్త తెలిసినా ఆపరేషన్ చేస్తాను. తెలియకపోతే చెయ్యను," అన్నాను.

"మీకంత నమ్మకమా?"

"నా చేతి మీద నాకు నమ్మకమే. మీ నరం సంగతే తెలియాలి."

వారం తర్వాత అతను మెట్ల దగ్గరే ఆగిపోయి గట్టిగా పిలిచాడు. "డాక్టర్! ఫినాయిల్! మీ క్లినిక్ అంతా ఫినాయిల్!" ఆ వాసనకు అంత మురిసిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆపరేషన్ అనగానే బాల్‌రెడ్డికి గుబులు పుట్టింది. "పట్నం తీస్కపోవాల్నా అమ్మా? పరాయి దేశపోడు, ఏమన్నైతే నా పరువేంగావాలె?"

"ఈడనే చేస్తనన్నా. ఏం కాదు."

మత్తు సూది ముక్కు వరకే ఇచ్చి, సన్నని తీగ ఉచ్చుతో తిత్తుల్ని ఒక్కొక్కటే తీశాను. ముక్కు పైకప్పు జోలికి మాత్రం పోలేదు. వాసన నరాలు మెదడు నుంచి దిగేది అక్కడే. అక్కడ చెయ్యి తడబడితే ప్రాణానికే ముప్పు.

పుండు పూర్తిగా మానాక పావ్లో తన ఊరి నుంచి తెచ్చుకున్న రెండు సీసాలతో, బాల్‌రెడ్డిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒకటి బరోలో, రెండోది బర్బేరా. రెండూ ఎర్ర వైన్లే. నాలుకకు తెలిసేది పులుపు, ట్యానిన్ లాంటివేననీ, మిగతాదంతా ముక్కు పనేననీ చెప్పాడు. ట్యానిన్ అంటే ఏమిటో చెప్పడానికి తంటాలు పడుతుంటే, వగరేమోనని నాకు తోచింది. బాల్‌రెడ్డితో ఆ మాట అన్నాను. "పచ్చి నేరేడుపండు కొరికితె నాలుక గుంజుకపోతది సూడు, గదేనా?" అన్నాడతను. ఇంగ్లీషులో చెప్పగానే పావ్లో సంబరంగా తలూపాడు. బరోలోలో వగరెక్కువ. బర్బేరాలో వగరు తక్కువ, పులుపెక్కువ.

అది విన్నాక పరీక్ష ఎలా పెట్టాలో నాకు తెలిసిపోయింది. బరోలో రంగు పలుచన, బర్బేరా చిక్కటి ఊదా. అందుకని కళ్లకు గుడ్డ కట్టాను. వగరును బట్టి నాలుక పట్టేస్తుంది కాబట్టి తాగొద్దన్నాను.

"వైన్ ఇచ్చి తాగొద్దంటారా? ఇదెక్కడి న్యాయం!"

"మీ నాలుక మీద నాకు అనుమానం లేదు."

బాల్‌రెడ్డి గ్లాసుల్లో పోశాడు. ముందు ఎడమ ముక్కు. పావ్లో గ్లాసును గుండ్రంగా తిప్పి పీల్చాడు. ఏమీ లేదు. ఇంకోసారి. ఏమీ లేదు. బాల్‌రెడ్డి నా వైపు చూశాడు. నేను ఎడమ ముక్కు మూసి, కుడివైపుతో పీల్చమన్నాను.

గ్లాసు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని పీల్చాడు. "గులాబీ," అన్నాడు. ఇంకోసారి పీల్చి, "తారు. ఎండకు కరిగిన తారురోడ్డు. ఇది బరోలో."

రెండోది బర్బేరా అన్నాడు. గ్లాసులు ఎన్నిసార్లు మార్చినా తప్పు చెప్పలేదు. ఎడమ వైపు వాసన తిరిగి రాకపోవచ్చని అప్పుడే చెప్పేశాను. "ఒక్కటి చాలు, డాక్టర్," అంటూ గుడ్డ విప్పాడు. అది తడిగా ఉంది.

మీరూ చూడాల్సిందేనని పట్టుబట్టాడు. నాకు తాగే అలవాటు లేదు. వాసన మాత్రం చూశాను. గులాబీ దొరకలేదు గానీ తారు వెంటనే దొరికింది. మా బాపు రోడ్డు పనుల మేస్త్రీ. సాయంత్రం ఇంటికొచ్చి నన్నెత్తుకుంటే ఆయన అంగీ అదే వాసన వేసేది. ఆయన పోయాక దాన్ని తలచుకున్నది కూడా లేదు. గ్లాసు కింద పెట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆ వారంలోనే బాల్‌రెడ్డి మళ్లీ వచ్చాడు. "పీపా వాసన జూసి, మొత్తం పారబోయమన్నడమ్మా! పారబోయమంటె గింత సంబురపడ్డోణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంట."

అంతకుముందు ముక్కు కేసు అంటే నాకు ఊపిరి ఆడటం, ఆడకపోవడమే. వాసన పోయిందంటే చిన్న విషయం కింద రాసుకునేదాన్ని. పావ్లో తర్వాత ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. మీకు ఏ వాసన మళ్లీ కావాలి? మొదట అడిగింది ఒక పెద్దావిడను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "కొత్తగ పుట్టిన మనుమరాలమ్మా. దాని నెత్తి వాసన నాకింకా తెల్వనే తెల్వదు."

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేశాను.