అత్త చీర మీద పడుకున్న కొంగలు

తప్పులు మీరూ చేసి ఉంటారు, కాదనను. పాలు పొంగబెట్టి ఉంటారు, ఒక బస్సు ఎక్కబోయి ఇంకో బస్సు ఎక్కి ఉంటారు. అవన్నీ పిల్ల తప్పులు. నూట పది కొంగల్ని ఒకే చీరలో చంపి, వాటిని సొంత అత్త కాళ్ళ చుట్టూ పేర్చి, ఆడి కృత్తిక పండగ నాడు అంత జనం మధ్య తిరుత్తణి స్వామి కొండ ఎక్కించిన ఘనుణ్ణి మాత్రం ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

డెబ్బైల చివరి మాట. తిరుత్తణి పక్కన మా మేనమామ ఇంట్లో ఉంటూ లుంగీలు నేసేవాణ్ణి. గుంత మగ్గం అంటే తెలుసుగా? నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. నడుము దాకా మనిషి భూమి లోపల, మిగతాది పైన. గాలి కొడితే పడుగు ఆరిపోయి పోగులు తెగుతాయని కిటికీ కూడా తెరవనిచ్చేవాడు కాదు మామ. పొద్దున దిగితే చీకటి పడేదాకా నా కళ్ళ ముందు గళ్ళే. నీలం గడి, తెల్ల గడి, మళ్ళీ నీలం గడి. కలలో దేవుడు కనిపించినా గళ్ళ లుంగీతోనే కనిపించేవాడు.

దాంతో నాకు ఆకాశం మీద మోహం పట్టుకుంది. నీళ్ళ మీద, పచ్చటి పైర్ల మీద, ఎగిరే ప్రతి దాని మీదా. నూలు కోసం మామ నన్ను రైల్లో తిరువళ్ళూరు పంపితే, నేను అక్కడ దిగి పూండి రిజర్వాయరుకు పోయే బస్సు ఎక్కేసేవాణ్ణి. ఆ రిజర్వాయరు గట్టు మీద కూర్చుంటే నిజంగా ఏడుపొచ్చేది. అంత నీళ్ళు, అంత గాలి, ఎవరూ కిటికీ మూయమనరు. అక్కడి కొంగలకు గుంత లేదు, మగ్గం లేదు. అదృష్టమంటే వాటిది అనుకుంటూ నోటుపుస్తకం నిండా కొంగలే గీసేవాణ్ణి.

"నూలు తెమ్మంటే యాడ తిరుగుతా ఉండావురా దామూ? రైలు నీకోసం పూండి మీదుగా పోతా ఉండాదా?" అనేవాడు మామ.

"మామా, నాకు లుంగీ వద్దు. చీర నేస్తాను. అంచు మీద కొంగలు పెడతాను."

"కొంగలా! అవి కట్టుకునేవాళ్ళు యాడుండారురా?"

పక్క నుంచి మా అత్త అంది, "నేను కట్టుకుంటానయ్యా. మూడు తరాలుగా ఈ ఇంట్లో ఒక్క చీర నేసిన మొగాడు లేడు. ఆడి కృత్తికకు మన మగ్గం మీద నేసిన గుడ్డ కట్టుకోని కొండెక్కుతానని మొక్కుకోనుండా. లుంగీ కట్టుకోని ఎక్కమంటావా?"

ఆ మాటకు మామ దిగొచ్చాడు. ఎవరో వదిలించుకుంటున్న పాత జకార్డు పెట్టె ఒకటి తెచ్చి మగ్గం మీద బిగించాడు. చిల్లుల అట్టలు వేస్తే పువ్వో పిట్టో అదే నేసే యంత్రమది. బిగించినవాడు ఒక షరతు కూడా బిగించాడు.

"పండగ దాకా చూస్తా. చీర నలుగురు మెచ్చుకునేలా ఉంటే పెట్టె నీది. లేదంటే దాన్ని అమ్మేసి, నిన్ను మళ్ళా లుంగీ గుంతలో దించేస్తా. జన్మలో కొంగ మాట ఎత్తకూడదు."

అంటే ఆ చీర మీద ఆధారపడింది నా బతుకంతా. గళ్ళా, ఆకాశమా? అంతే.

గళ్ళ కాగితం మీద నా కొంగను దించాను. అబ్బో, ఏం కొంగ! పొడుగాటి కాళ్ళు, నిటారుగా మెడ, ఆకాశం వైపు ముక్కు, ఇప్పుడే ఎగరబోతున్నట్టు సగం విప్పిన రెక్క. అట్టలకు చిల్లులు కొట్టే పెద్దాయన దాన్ని చూసి, "తంబీ, ఇది చీర కట్టుకి సరిగా వస్తాదా? ఇంకోసారి చూసుకో" అన్నాడు.

నేనేమన్నానో విని నా చెంప మీద మీరే కొట్టండి. "అయ్యా, మీకు చిల్లులు తెలుసు. నాకు కొంగలు తెలుసు. తల పైకి, కాళ్ళు కిందికి. దేవుడు చేసినట్టే కొట్టండి."

ఆయన నవ్వి కొట్టేశాడు.

నేస్తూ ఉంటే ఇంటిల్లిపాదీ వచ్చి చూసేవాళ్ళు. మగ్గం ముందు నిలబడి చూస్తే ఎడమ అంచు మీద ఒకదాని పైన ఒకటి, సిపాయిల్లా నిలబడిన కొంగలు. మామ కూడా మీసం దువ్వుకుంటూ, "భలే నిలబడుండాయిరా" అన్నాడు. తప్పు ఎవరికీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? మాది లుంగీల వంశం. గడిని ఎటు తిప్పినా గడే. బట్టకు నిలువు, అడ్డం అని రెండు ఉంటాయన్న సంగతి మా మూడు తరాల్లో ఎవరికీ అవసరం పడలేదు.

పండగ తెల్లవారుజామున అత్త స్నానం చేసి, చీర కట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది. అందరం ఎదురుగా నిలబడి ఉన్నాం. నేనైతే పొగడ్తలు విని సిగ్గుపడడానికి ముఖం కూడా సిద్ధం చేసుకున్నాను.

అందరి చూపూ అత్త పాదాల దగ్గరే ఆగిపోయింది.

మగ్గం మీద నిలువుగా పొయ్యే చీర, ఒంటికి చుట్టుకుంటే అడ్డంగా పోతుంది. ఇంత చిన్న సంగతి. నా నూట పది కొంగలూ అత్త పాదాల చుట్టూ వరసగా పక్కకు ఒరిగి, కాళ్ళు చాచి పడుకుని ఉన్నాయి.

ముందుగా నోరు తెరిచింది మామ కూతురు రేవతి. "బావా, వీటికి ఏం జబ్బు చేసింది?"

"ఏందిరా ఇది!" మామ గొంతు వీధి చివరకు వినిపించింది. "కొంగలన్నీ చచ్చి పండుకోనుండాయి! స్వామి కొండకు శవాలు మోసకపోతామా?"

"వేరే చీర కట్టుకో అత్తా" అన్నాను.

"మొక్కు మొక్కేనయ్యా. పడుకున్నా నిలబడినా ఇది మన మగ్గం చీరే" అంది అత్త. ఆ మాట అంటూనే కళ్ళు తుడుచుకుంది. దానికంటే మామ నాకు రెండు తగిలించి ఉంటే బాగుండేది.

"పెట్టె రేపే అమ్మేస్తా ఉండా" అన్నాడు మామ.

కొండ దగ్గర కావళ్ళు, డప్పులు, అరోహర కేకలు. అత్త పాలచెంబు నెత్తిన పెట్టుకుని, తల వంచుకుని మెట్లెక్కుతోంది. వెనకాల రేవతి. ఆ వెనకాల మామ, నా వైపు చూడకుండా పళ్ళు కొరుకుతూ. అందరికంటే చివర నేను, హత్య చేసినవాడిలా. మెట్టు మెట్టుకూ గళ్ళ లుంగీలే కనబడుతున్నాయి కళ్ళకు.

సగం మెట్లెక్కాక, ఆయాసంతో ఒక మెట్టు మీద కూలబడిన ముసలామె అత్త చీర అంచు వైపు చూసి కేక పెట్టింది. "అడియమ్మా! కొక్కు పరక్కుదు పారు!"

కొంగలు ఎగురుతున్నాయి చూడమంటోంది! నేను తలెత్తి చూశాను. అయ్యా, అమ్మా, నిజం! అత్త అడుగు వేసినప్పుడల్లా అంచు ఊగుతోంది. మెడ ముందుకు చాచి, కాళ్ళు వెనక్కి తన్ని, సగం విప్పిన రెక్కతో నా కొంగలన్నీ బారు కట్టి ఎగిరిపోతున్నాయి. పూండి నీళ్ళ మీద సాయంత్రం నేను చూసింది అచ్చం ఇదే. గట్టు మీద కూర్చుని ఏ ఆకాశం కోసం ఏడ్చానో ఆ ఆకాశం మా అత్త పాదాల దగ్గరికి దిగి వచ్చింది. ఈసారీ ఏడుపొచ్చింది, కానీ దాని రుచి వేరు.

నలుగురు ఆగారు. ఆ నలుగురిని చూసి నలభై మంది ఆగారు. "యాడ నేసింది అక్కా?" అని అడిగేవాళ్ళు, వంగి అంచు పట్టుకుని చూసేవాళ్ళు. అత్త తల వంపు ఎప్పుడు పోయిందో పోయింది. రాణీగారిలా మెడ ఎత్తింది. కొంగలు బాగా ఎగరాలని అవసరం లేకపోయినా మోకాళ్ళు ఎత్తెత్తి అడుగులు వేసింది. చెంబులో పాలు ఒలుకుతున్నా లెక్కచేయలేదు.

తిరువళ్ళూరులో జవుళి కొట్టున్న ఒక పెద్దమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఎవరయ్యా నేసింది? అచ్చం ఇట్లాంటివే ఆరు చీరలు కావాల నాకు" అన్నాడు.

మామ నన్ను రెక్క పట్టుకుని ముందుకు లాగాడు. "మా మేనల్లుడే సార్! నిలబడిన కొంగను ఎవడైనా నేస్తాడు. దాన్ని ఎగిరించాలంటే బుర్ర ఉండాల. పెట్టె నేనే కొనిచ్చినా!"

"ఎట్లా తోచింది తంబీ నీకు?" అన్నాడు ఆ పెద్దమనిషి.

ఇక ఆగుతానా? ప్రకృతి గురించి, స్వేచ్ఛ గురించి, కళాకారుడి గుండెలో రెక్కల గురించి పది మెట్ల పొడుగునా ఉపన్యాసం ఇచ్చాను. కావడి మోస్తున్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. రేవతి మాత్రం పైట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది.

పెట్టె నాదైంది. గళ్ళ పీడ వదిలింది. మామ తన చేతులతోనే కిటికీ తెరిచాడు. ఇక్కడితో ఆపేస్తే నేను గొప్పవాణ్ణి. కానీ నిజం చెప్తానని మొదలుపెట్టాను కదా.

ఆ ఆరు చీరలకు ఇంకా మంచి బొమ్మ వేద్దామనిపించింది. ఎగిరే కొంగల మీదే కదా జనం మనసు పడింది! పూండి వెళ్ళి మూడు రోజులు కూర్చుని, కాగితం మీద అద్భుతంగా ఎగిరే కొంగను గీసి తెచ్చాను. మెడ ముందుకు, కాళ్ళు వెనక్కి. గర్వంగా రేవతికి చూపించాను.

రేవతి కాగితం చేతిలోకి తీసుకుని, మాట్లాడకుండా పక్కకు తిప్పి నా ముఖం ముందు పెట్టింది.

"బావా, చీర కట్టుకుంటే ఇవి నిలబడుకుంటాయి."

అట్టలకు చిల్లులు పడకముందే ఆ ఆరు చీరల్నీ, నా పరువునూ కాపాడినందుకు ఆమెకు నేను ఇచ్చింది ఒక్కటే. ఆ తర్వాత వచ్చిన తై మాసంలో, అంటే సంక్రాంతి నెలలో, తాళి కట్టాను. పెళ్ళిచీర అంచు మీద కొంగలు ఎగిరాయా నిలబడ్డాయా అని అడక్కండి, గీసింది నేనే అయినా తిప్పి చూసింది ఆమె.

కనుక తిరుత్తణి కొండ మెట్లన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ పిట్టనూ, ఏ చెట్టునూ, ఏ చేపనూ మంచం మీద పక్కకు ఒరిగి పడుకుని ఒకసారి చూసుకోకుండా నేయను. ఈ ప్రమాణం రాసిన కాగితాన్ని కూడా రేవతి ఇప్పుడే తీసుకుని, పక్కకు తిప్పి చూసి, సరిగానే ఉందని ఒప్పుకుంది.