వెనక గదిలో ఎత్తిన ఫోన్

సాయంత్రం దీపం వెలిగించిన చేత్తో రాస్తున్నాను. ఒక్క ముక్క కల్పించలేదు. నమ్మమని అడగను... వినండి చాలు.

నేను కాలేజీ గడప తొక్కలేదు. మా నాన్నగారు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో డేటాబేస్ పాఠాలు చెప్పేవారు. అవే పాఠాలు భోజనాలయ్యాక వంటింట్లో కూర్చోబెట్టి నాకూ చెప్పారు. నేను తినే అన్నం ఆయన పెట్టిన భిక్షే. పంజాగుట్టలో ఆఫీసు. ఎవరి సర్వరు నెమ్మదించినా, ఎక్కడ ఇరుక్కుందో పట్టుకోవడం మా పని.

ఆ రాత్రి డ్యూటీలో నేనూ, నాతో పనిచేసే యాదగిరీ. కింద ఫ్లైఓవర్ ఖాళీ. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. ఫోన్ మోగింది.

సోమాజిగూడలో మేము చూసే ఒక బ్లడ్ బ్యాంక్. టెక్నీషియన్ సరిత.

"మేడం, స్క్రీన్ గిర్రున తిరుగుతనే ఉంది. లేబుల్ వస్తలేదు. లేబుల్ లేంది బ్యాగు బయటికియ్యరాదు. ఆడ కాన్పు టేబుల్ మీద ఒకామెకు రక్తం పోతనే ఉందంట... జర జల్ది చూడుండ్రి!"

చూశాను. ప్రాసెసర్ మీద భారం లేదు. మెమరీ ఖాళీ. డిస్కు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటోంది. సర్వరుకు ఏ జబ్బూ లేదు... అయినా కదలదు.

ఏ పని దేని కోసం ఆగిందో చూస్తూ వెళ్ళాను. ఇది దాని కోసం. అది ఇంకోదాని కోసం... వరుస చివర ఒకే ఒక్క సెషన్. ఒక కంప్యూటర్ ఏదో మార్పు మొదలుపెట్టి, 'అయిపోయింది' అని చెప్పకుండా కూర్చుంది. అది లేచేదాకా వెనకున్న ఎవరికీ దారి లేదు. ఎక్కడిదా అని చూస్తే... అదే బ్లడ్ బ్యాంక్, వెనక గది కౌంటర్.

"దొరికింది గదా! కిల్ కొట్టక్కా," అన్నాడు యాదగిరి.

ఆ సెషన్‌ని బలవంతంగా ఆపేసే కమాండ్ టైప్ చేశాను. వేలు ఎంటర్ మీద ఉంది. అప్పుడు నాన్నగారి మాట అడ్డొచ్చింది. "దారికి అడ్డంగా కూర్చున్నవాణ్ణి లేపేముందు, ఎందుకు కూర్చున్నాడో ఒక్కసారి అడుగమ్మా. కిల్ కొడితే వాడు చేసిన పని కూడా చెరిగిపోతుంది."

"ఒక్క ఫోన్ చేస్తాను, యాదగిరీ."

"ఆడ మనిషి పాణం పోతుంటే ఫోనేందక్కా! గీ చాదస్తం పొద్దుగాల పెట్టుకో!"

అతను అన్నదీ నిజమే. స్వామీ, నువ్వే దిక్కు అనుకుని స్పీకర్ పెట్టి వెనక గది నంబరు నొక్కాను.

మోగింది... మోగింది...

ఎత్తారు.

మాట లేదు. ఫ్రిజ్ గుయ్‌మనే శబ్దం. దాని వెనక... ఎవరో నిదానంగా కీబోర్డు నొక్కుతున్నారు. టక్... టక్...

"అమ్మా, ఎవరండీ? మీ సెషన్ వల్ల అందరూ ఆగిపోయారు..."

"జర ఆగు బిడ్డా." పెద్దామె గొంతు. తొందరే లేదు. "ఒక్కటి చూసుకుంటున్న."

టక్...

ఆ చప్పుడు నా చెవిలో పడ్డ క్షణంలోనే నా స్క్రీన్ మీద ఆ సెషన్ ముగిసింది. కిల్ కాలేదు. పని పూర్తి చేసుకుని తనే లేచింది. ఆగినవన్నీ ఒక్కసారిగా కదిలాయి... తూము తెరిచినట్టు. ఫోన్ పెట్టేసిన చప్పుడు మాత్రం రాలేదు. లైన్ అలా... నిశ్శబ్దమైపోయింది.

వెంటనే సరిత ఫోన్. "లేబుల్ వచ్చింది మేడం! గనీ ఇందాక చూపిచ్చిన బ్యాగు గాదు, వేరేది చూపిస్తుంది."

ఆ సెషన్ చేసిన మార్పేమిటో చూశాను. ఒక్కటే. మొదటి బ్యాగు మీద 'ఇవ్వకూడదు' అని గుర్తు. నేను కిల్ కొట్టి ఉంటే ఆ గుర్తు చెరిగిపోయేది. లేబుల్ ఆ బ్యాగుకే వచ్చేది.

సరిత రెండో బ్యాగు పంపించి, మొదటిదాన్ని మళ్ళీ పరీక్ష చేసి ఫోన్ చేసింది. పైన రాసిన గ్రూపు ఒకటి... లోపలి రక్తం ఇంకొకటి.

"వెనక గదిలో ఉన్న పెద్దావిడకి నా దణ్ణం చెప్పండి," అన్నాను.



"ఏ పెద్దామె మేడం? ఆ గదికి సాయంత్రమే తాళమేసి పోయిండ్రు. ఈడ నేనొక్కదాన్నే ఉన్న."

యాదగిరి వైపు తిరిగాను. అతను కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. "నాకు రింగు ఒక్కటే వినవడ్డదక్కా," అన్నాడు మెల్లగా. "నువ్వే మాట్లాడినవ్."

తెల్లవారాక పంజాగుట్టలో మల్లెపూలు కొనుక్కుని సోమాజిగూడ వెళ్ళాను. తల్లీబిడ్డా క్షేమం. ఇన్‌చార్జిగారు అంతా విని, "సాయంత్రం మా వాళ్ళెవరో గుర్తు పెట్టి, చివరి ఎంటర్ మరిచిపోయి ఉంటారమ్మా," అన్నారు. ఉండొచ్చు. మరి ఆ ఎంటర్ కొట్టిందెవరు? ఆయన తాళంచెవి తీశారు. "తలుపు తీసి చూపించమంటారా?"

తలుపు అవతల ఫ్రిజ్ గుయ్‌మంటోంది. అదే శబ్దం.

"వద్దండీ," అన్నాను.

పూలు గడియకు చుట్టాను. ఎవరికి పెట్టానో ఈరోజుకీ తెలియదు... పెట్టకుండా మాత్రం రాలేకపోయాను.